పన్నెండో ఫెయిల్

మైక్రోవేవ్ పెట్టాలంటే ముందు హాల్లో హీటరు ఆపాలి. హీటరు ఆపినా సరిపోదు, మేడ మీద అత్తగారు ఇస్త్రీ పెట్టె పెట్టలేదని తెలుసుకోవాలి. అందుకు మెట్ల కింద నిలబడి ఒక కేక వెయ్యాలి. ఈ వరసలో ఏ ఒక్కటి తప్పినా సెల్లార్లో ఫ్యూజు పోతుంది. ఒడీలియా టార్చి పట్టుకుని కిందికి దిగాలి. ఆ కాసేపూ ఆరుగురు పిల్లలు కళ్ళముందు ఉండరు. డేకేర్ నడిపే మనిషికి అంతకంటే పెద్ద తప్పు లేదు. మామగారు బతికుండగా రాసిపెట్టిన కాగితం ఇంకా ఫ్రిజ్ తలుపుకి అంటించే ఉంది, ఏ ఫ్యూజు మీద ఏమేం ఉన్నాయో, దేని తర్వాత ఏది పెట్టాలో. ఒడీలియాకి ఆ కాగితం అవసరం లేదు. పంతొమ్మిదేళ్ళుగా ఆ వరస చేతులకే తెలిసిపోయింది.

ఫిబ్రవరిలో ఆ సోమవారం, పిల్లలు పడుకున్నాక, ఎలక్ట్రీషియన్ వచ్చింది. పేరు బోఫా కియో. నలభై దాటిన కంబోడియా మనిషి. గుమ్మంలోనే బూట్ల మంచు దులుపుకుని, వాటిమీద నీలం సంచులు తొడుక్కుంది. నుదుటికి దీపం కట్టుకుని సెల్లార్లోకి దిగితే గంటన్నర దాకా పైకి రాలేదు. వచ్చాక ప్రతి గదిలో ఒక్కో స్విచ్ పలక విప్పి, చిన్న అద్దం పెట్టి లోపల చూసింది. పిల్లలు పడుకునే గది చివరికి ఉంచుకుంది. మోకాళ్ళ మీద చప్పుడు లేకుండా మంచాల మధ్యనుంచి వెళ్ళి, గోడలోంచి వైరు కొస చెక్క పుల్లతో బయటికి లాగి, కింద తెల్లకాగితం పట్టింది. వైరు మీది తొడుగు మాడిన రస్కులా పొడిపొడిగా రాలింది. ఆ కాగితం మడిచి వంటింట్లోకి తెచ్చి ఒడీలియా ముందు విప్పింది.

"దీని వయసు మన ఇద్దరి వయసుకన్నా ఎక్కువ మేడమ్. పింగాణీ గుండీల మీంచి లాగిన వైరు. కింది అంతస్తంతా ఇదే."

"ఎన్ని రోజులు పడుతుంది?"

"నాలుగు. మూడు చోట్ల గోడ తెరవాలి. పర్మిట్ నేనే తీసుకుంటాను. మధ్యలో ఒకసారి, అయ్యాక ఒకసారి సిటీ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తాడు. ఆ నాలుగు రోజులూ పిల్లలు ఉండకూడదు."

"నాలుగు రోజులు మూసేస్తే వీళ్ళ అమ్మలు పనికెలా వెళ్తారు?"

"దానికి నా దగ్గర జవాబు లేదండి," అంది బోఫా. దురుసుగా కాదు. అదే ప్రశ్న ప్రతి ఇంట్లోనూ విని అలసిపోయినట్టు.

నిన్న చర్చిలో పూజ అయ్యాక, తమవాళ్ళ ఇళ్ళకి కరెంటు పని చేసే ఆడ్రియానో వచ్చి చూశాడు. అతను సెల్లార్లో పది నిమిషాలు, వంటింట్లో గంట ఉన్నాడు. తీపి రొట్టె మూడు ముక్కలు తిన్నాడు. శనివారం ఒక్కరోజులో అయిపోతుందన్నాడు, పిల్లల్ని ఒక్క పూట కూడా ఆపక్కర్లేదన్నాడు. పర్మిట్ మాటెత్తితే నవ్వాడు. "కాగితం పెడితే ఇన్‌స్పెక్టరొస్తాడు వదినా. వాడి వెనకే ఇంటి పన్ను వేసేవాడొస్తాడు. మనవాళ్ళెవరైనా పెట్టారా?" నిజమే, ఆ వీధిలో ఎవరూ పెట్టరు. పోర్చుగల్‌కి చెందిన అజోర్స్ దీవుల నుంచి అమెరికా వచ్చి ఈ మిల్లుల ఊళ్ళో మూడంతస్తుల కొయ్య ఇళ్ళు కొనుక్కున్న నాటి నుంచి వాళ్ళందరికీ అదే లెక్క. సిటీ వాళ్ళు గుమ్మం తొక్కకపోతే అన్నీ సవ్యంగా ఉన్నట్టే.

బోఫా వెళ్ళగానే పైనుంచి కర్ర నేలకేసి కొట్టిన చప్పుడు. అత్తగారు దోనా ఎవాంజెలీనా.

"ఎవరే వచ్చింది?"

"ఎలక్ట్రీషియన్ అత్తయ్యా."

"ఆడమనిషా?"

"ఆ."

"ఆడ్రియానో ఉండగా ఊళ్ళోవాళ్ళెందుకే మనకి? బాప్తిస్మంలో వాడికి నేను జ్ఞానతల్లిని. చర్చి హాలుకి దీపాలు పెట్టినవాడు మన ఇంటికి పెట్టలేడా?"

ఒడీలియా సొరుగు తెరిచింది. ఇన్సూరెన్స్ వాళ్ళ ఉత్తరం మళ్ళీ తీసింది. పాత వైర్లు, ఫ్యూజు పెట్టె మార్చి రుజువు పంపాలి, లేకపోతే పాలసీ రద్దు. ఇంకా పదహారు రోజులు. ఇన్సూరెన్స్ పోతే డేకేర్ లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే ఆరుగురు పిల్లలూ, ఇన్నేళ్ళ పనీ పోతాయి. భర్త సెరఫీమ్ చేపల ఫ్యాక్టరీలో నడుం విరిగేలా చేసినా ఒక్కడి జీతంతో ఈ ఇల్లు నిలవదు. ఉత్తరం అడుగున చిన్నక్షరాల్లో ఒక సలహా ఉంది. పని అప్పగించే ముందు ఆ కాంట్రాక్టరు పర్మిట్ల చరిత్ర సిటీ హాల్లో అడిగి చూసుకోండి, అని.

*

మంగళవారాలు సిటీ హాలు ఏడు దాకా తెరిచి ఉంటుంది. ఆఖరి పిల్లని తల్లి తీసుకెళ్ళాక ఒడీలియా ఏప్రన్ తీసి, కోటు తొడుక్కుని బయల్దేరింది. పాలు ఒలికిన మరక స్వెట్టరు మీద ఉందని బస్సెక్కాక చూసుకుంది.

కౌంటరు వెనక పెద్దాయన కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేలాడేసుకున్నాడు. ముందు బోఫా కియో పేరు చెప్పింది. ప్రింటరు ఒకటి, రెండు, మూడు, నాలుగు కాగితాలు ఇచ్చింది. తర్వాత ఆడ్రియానో పేరు చెప్పింది. ఆయన రెండుసార్లు టైపు చేశాడు, ఇంటిపేరులో అక్షరాలు అడిగి మూడోసారి చేశాడు.

"రికార్డులేమీ లేవమ్మా."

"అంటే ఫిర్యాదులు అవీ లేవనేగా?"

ఆయన కళ్ళజోడు మీంచి చూశాడు. "కాగితం ఇవ్వడం వరకే నా పని. దాని అర్థం చెప్పడానికి నాకు వీల్లేదు. కావాలంటే ఇళ్ళ చిరునామాలతో కూడా వెతకొచ్చు. వెతకమంటారా?"

ఆమె కాళ్ళు పీకుతున్నాయి. వెనక ఇంకో ముగ్గురున్నారు. వద్దంది.

బస్సులో నాలుగు కాగితాలూ ఒళ్ళో పెట్టుకుని చూసింది. వరసలన్నీ గజిబిజిగా ఉన్నాయి. చిరునామాలు, తేదీలు, అంకెలు. అర్థమయ్యే మాట ఒకటే, కుడివైపు గడిలో అక్కడక్కడా పెద్దక్షరాల్లో 'ఫెయిల్'. వేలు పెట్టి లెక్కపెట్టింది. పదకొండు. ఆరేళ్ళలో పదకొండుసార్లు తప్పిన మనిషి తన పిల్లల గది గోడ తెరుస్తానంది. ఆ ఆలోచనకి భయం కంటే ముందు తేలిక కలిగింది. ఇక తేల్చుకోవాల్సిందేమీ లేదు. నాలుగు రోజులు మూసెయ్యక్కర్లేదు. అత్తగారితో మాటలు పడక్కర్లేదు.

సెరఫీమ్ సాక్సులు విప్పుకుంటూ విన్నాడు. "ఆడ్రియానోకి ఒక్క మచ్చ కూడా లేదన్నమాట," అన్నాడు. "నేను ముందే చెప్పలేదూ."

అతనేం చెప్పలేదు. కానీ వాదించే ఓపిక ఆమెకి లేదు.

*

బుధవారం పొద్దున ఎదురింటి ఫిలొమీనా చెత్తడబ్బా లోపలికి లాక్కుంటూ కనిపించింది. తన కొత్త కరెంటు స్టవ్‌కి వేరే లైను వెయ్యడానికి శుక్రవారం ఒకావిడ వస్తోందని, ఆ కంబోడియా ఆవిడేనని చెప్పింది.

"రానివ్వకు," అంది ఒడీలియా. "నిన్న సిటీ హాలుకెళ్ళి చూశాను. పదకొండు ఫెయిళ్ళు."

"అమ్మో. నిజంగా?"

"కాగితాలు ఇంట్లోనే ఉన్నాయి."

"కాగితాలెందుకులే, నువ్వు చెప్తే చాలదూ," అంటూ ఫిలొమీనా అక్కడే మంచులో నిలబడి ఫోను తీసింది.

ఒడీలియా కూడా మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక ఫోను చేసింది. బోఫా ఎత్తలేదు. పని వేరేవాళ్ళకి ఇస్తున్నామని సందేశం పెట్టింది. ఊరుకుంటే అయిపోయేది, కానీ ఒట్టి మాటల మనిషిని కాననిపించుకోవాలని కాబోలు, రికార్డులో పదకొండు ఫెయిళ్ళున్నాయని కూడా చేర్చింది. పది నిమిషాల్లో ఫోను మోగింది. వెనకాల డ్రిల్లు చప్పుడు, అది ఆగాక బోఫా గొంతు.

"మీరు చెప్పిన కాగితాలు పూర్తిగా చదివారా మేడమ్?"

"చదివాను. ఫెయిల్ అని పదకొండు చోట్ల ఉంది."

బోఫా డ్రిల్లు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"సరే, మీ ఇల్లు మీ ఇష్టం. ఒక్కటి మాత్రం చెప్తాను. ఎవరితో చేయించుకున్నా, అయ్యేదాకా పిల్లల గదిలో ఆ కిటికీ పక్క ప్లగ్గు వాడకండి. రాత్రి దీపం కూడా పెట్టకండి దానికి."

ఫోను పెట్టేసింది. ఒడీలియా గదిలోకి వెళ్ళి కిటికీ పక్కన చంద్రవంక ఆకారంలో ఉన్న చిన్న దీపం ప్లగ్గులోంచి పీకింది. ప్లగ్గు కాళ్ళు వెచ్చగా ఉన్నాయి.

*

గురువారం నాలుగున్నరకి ట్రేసీ అనే ఆవిడ డేకేర్ చూడటానికి వచ్చింది. పది నెలల పిల్లాడు, వచ్చే నెల నుంచి చేర్చాలట. ఒడీలియా పొద్దుటి నుంచీ ఇల్లు సర్దింది. బొమ్మలు వేడినీళ్ళలో కడిగింది. కేల్ ఆకు సూప్ పొయ్యి మీద సన్నసెగన ఉంది, వచ్చినవాళ్ళకి ఆ వాసన నచ్చుతుంది. ట్రేసీ గదులన్నీ చూసింది, మంచాలు చూసింది, బాగుందంది. తర్వాత సంచిలోంచి మడతపెట్టిన కాగితాలు తీసింది.

"ఏమీ అనుకోకండి. రాష్ట్రం వాళ్ళ వెబ్‌సైట్లో మీ లైసెన్సు చరిత్ర చూశాను. ఇందులో ఏడు ఉల్లంఘనలున్నాయి."

ఒడీలియాకి ఇది కొత్త కాదు. రెండేళ్ళకోసారైనా ఎవరో ఒకరు ఇదే కాగితం పట్టుకొస్తారు. తడిచేతులు తుడుచుకుని పక్కన కూర్చుంది.

"పక్క గడి కూడా చూడండమ్మా. మొదటిది, కుళాయి నీళ్ళు రెండు డిగ్రీలు ఎక్కువ వేడి. అదే రోజు సరిచేశాను. ఇదిగో తేదీ. ఇది ప్లగ్గు మూత ఒకటి ఊడిపోయింది. మర్నాడు పెట్టాను. ఇది నేను కాదు, ఒక పిల్లాడి తల్లి టీకాల కాగితం తేలేదు. అయినా నా పేరు మీదే రాస్తారు. ఏడాదికి రెండుసార్లు వచ్చి చూస్తారు కదా, చూసినప్పుడు ఏదో ఒకటి రాస్తారు. అన్నీ సరిచేసినట్టు ఎదురుగానే ఉంటుంది."

ట్రేసీ తల ఊపింది, కానీ ఆ ఊపులో నమ్మకం లేదు. "నేనూ అలాగే అనుకున్నాను లెండి. కాకపోతే పక్కవీధిలో డియొలిందా అని ఒకావిడ ఉందట కదా. ఆవిడ పేరు కొడితే ఒక్కటి కూడా లేదు. అసలేమీ రాలేదు."

"ఏమీ రాదమ్మా. ఆవిడకి లైసె..."

ఒడీలియా మాట అక్కడే ఆగిపోయింది. డియొలిందా సెల్లార్లో తొమ్మిదిమంది పిల్లల్ని పెట్టుకుంటుంది. బయటికి తలుపు ఒక్కటే. లైసెన్సు లేదు కాబట్టి చూడటానికి ఎవరూ రారు. ఎవరూ రారు కాబట్టి ఎవరూ ఏమీ రాయరు. ఇదంతా ఆమెకి ఏళ్ళ తరబడి తెలుసు. కడుపు మండిన ప్రతిసారీ సెరఫీమ్‌కి చెప్పిందే. ఇప్పుడు ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పబోతుంటే, చెప్పాల్సిన మాటలు మొన్న బస్సులో తన ఒళ్ళోనే ఉన్నాయని గుర్తొచ్చింది.

"ఒంట్లో బాగోలేదా?" అని అడిగింది ట్రేసీ.

"బాగానే ఉంది. ఆవిడకి లైసెన్సు లేదమ్మా. అందుకే మీకేమీ కనపడలేదు."

ట్రేసీ కాగితాలు మడిచింది. ఆలోచించుకుని చెప్తానంది. అలా అన్నవాళ్ళు మళ్ళీ రారని ఒడీలియాకి తెలుసు. గుమ్మం దాకా సాగనంపి, వచ్చి సూప్ కింద మంట ఆర్పి, సొరుగులోంచి బోఫా కాగితాలు తీసింది.

ఈసారి వేలు కుడివైపు గడి మీద ఆపలేదు, అడ్డంగా జరిపింది. ఫెయిల్. దాని కింద వరసలో, రెండు రోజుల తర్వాతో మూడు రోజుల తర్వాతో తేదీ, పాస్. మళ్ళీ ఫెయిల్, కింద పాస్. పదకొండుకి పదకొండూ. కారణాలు పొట్టిపొట్టి మాటల్లో ఉన్నాయి. మూత లేదు. బ్రేకర్ల పక్కన పేర్లు రాయలేదు. లోపలికి వెళ్ళే వీలు లేదు, ఇంటివాళ్ళు లేరు. నాలుగు కాగితాల మీదా ఉన్న ఇళ్ళు లెక్కపెట్టింది. నూటముప్పై ఎనిమిది. అన్ని ఇళ్ళలోకీ ఆ మనిషి తనంతట తానే ఇన్‌స్పెక్టర్ని పిలిచింది.

*

శుక్రవారం సిటీ హాలు పన్నెండింటికే మూసేస్తారు. పిల్లలకి యాపిల్ ముక్కలు కోస్తూ, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఆ పెద్దాయనకి మూడు చిరునామాలు చెప్పింది. చర్చి హాలు. ఆడ్రియానో గొప్పగా చెప్పుకునే ఫిలొమీనా మూడో అంతస్తు. అతనే వైరింగ్ చేసిన మూలమీది బేకరీ.

"మూడింటికీ కరెంటు పర్మిట్లు లేవమ్మా," అన్నాడాయన. తర్వాత గొంతు తగ్గించి, "అర్థం చెప్పకూడదని చెప్పానుగా," అన్నాడు.

"ఇప్పుడు అక్కర్లేదులెండి," అంది ఒడీలియా.

ఆఖరి పిల్ల వెళ్ళాక వీధి దాటి ఫిలొమీనా ఇంటికెళ్ళింది. ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూనే ఉంది. ఫిలొమీనా తలుపు తీస్తూనే వంటింట్లోకి లాక్కెళ్ళింది. కొత్త స్టవ్ మీద కడాయిలో లిన్‌గీసా సాసేజ్ ముక్కలు చిటపటమంటున్నాయి.

"చూశావా? నిన్న సాయంత్రం ఆడ్రియానో వచ్చి అరగంటలో పెట్టేశాడు. ఆ పిల్లయితే రెండు రోజులంది. నువ్వు చెప్పబట్టి సరిపోయింది."

"నేను తప్పు చెప్పాను ఫిలొమీనా. ఆవిడ పనిలో తప్పు లేదు. కాగితం చదవడం నాకు రాలేదు."

"పోనీలే, అయిపోయిందిగా."

"దీనికి పర్మిట్ తీసుకున్నాడా?"

"నీకేమైందే ఇవాళ? స్టవ్ వెలుగుతోంది కదా," అని ఫిలొమీనా ఒక ముక్క ఫోర్కుకి గుచ్చి ఇచ్చింది. ఒడీలియా తింది. స్టవ్ వెనకనుంచి గోడ వెంట తెల్లటి వైరు, మేకులు కొట్టి, కిటికీ మీదుగా పోయింది. ఒకసారి తను నోరు జారినందుకు ఆ వైరు అక్కడికి వచ్చింది. దాన్ని మళ్ళీ తీయించడం తన తరం కాదు.

ఇంటికొచ్చేసరికి ఆడ్రియానో వంటింట్లో ఉన్నాడు, రేపటి పనికి సామాను దించడానికి. బల్ల మీద ఒక ఇనప బ్రేకర్ పెట్టె, అంచున తుప్పు.

"పాత మిల్లు కూలగొడుతుంటే తెచ్చా వదినా. ఇప్పుడిలాంటి గట్టి సరుకు రాదు. ఇన్సూరెన్స్ వాళ్ళకి నా లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం రాసిస్తా, నోరు మూసుకుంటారు."

"పని నీకే ఇస్తాను ఆడ్రియానో. కొత్త పెట్టె పెట్టు. సోమవారం పర్మిట్ తీసుకుని మొదలుపెట్టు."

"మళ్ళీ ఆ మాటేనా? చెప్పాను కదా..."

"పన్నువాడొస్తే నేను మాట్లాడుకుంటా. నీ పేరుతో ఒక్క కాగితం పెట్టు చాలు."

అతను చేతిలో ఉన్న రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. అతని మొహంలో నవ్వు ఇంకా ఉంది, కానీ అది అక్కడ ఎందుకుందో అతనికే తెలియనట్టుంది.

"నాకే పరీక్ష పెడతావా? ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్నాను ఈ పని."

"నాకు ఏడాదికి రెండుసార్లు పెడతారు."

ఆడ్రియానో లేచాడు. పెట్టె చంకన పెట్టుకుని, వెళ్ళేముందు మెట్ల దగ్గర ఆగి, పైకి వినిపించేలా, "వెళ్ళొస్తా అమ్మా, నా అవసరం లేదట ఇక్కడ," అన్నాడు. కర్ర చప్పుడు ఒక్కసారి గట్టిగా వచ్చింది. ఆ తర్వాత వారం రోజులపాటు దోనా ఎవాంజెలీనా కోడలితో కర్రతోనే మాట్లాడింది. ఒకసారి కొడితే కాఫీ, రెండుసార్లు కొడితే మందులు.

ఆ సాయంత్రమే ఒడీలియా ఫోను చేస్తే, బోఫా మొదటి రింగుకే ఎత్తింది.

"మీ కాగితాలు ఆరోజు పూర్తిగా చదవలేదండి," అంది ఒడీలియా. "చదివానని అబద్ధం చెప్పాను. నిన్న చదివాను."

"మీ ఎదురింటావిడ కూడా వద్దంది. మీ దగ్గర విందట."

"అవును. నేనే చెప్పాను. ఇవాళ వెళ్ళి తప్పని చెప్పాను కానీ, అప్పటికే పని అయిపోయింది."

బోఫా నిట్టూర్చింది. పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. "సోమవారం వస్తాను. మా తమ్ముణ్ణి తెచ్చుకుంటా. మీ మీద కోపం పోయి కాదు మేడమ్. ఆ గదిలో పిల్లలు పడుకుంటున్నారు, అందుకు."

*

నాలుగు రోజులు మూస్తున్నానని చెప్తే ఇద్దరు తల్లులు సెలవు పెట్టుకున్నారు, ముగ్గురు ఎవరెవరినో బతిమాలుకున్నారు. ఒకామె మాత్రం పిల్లని డియొలిందా దగ్గర దింపింది, మళ్ళీ తీసుకురాలేదు. ఒడీలియా ఆ పిల్ల దుప్పటి ఉతికి, మడిచి, పేరు రాసిన సంచిలో పెట్టి గుమ్మం దగ్గర ఉంచింది.

ఆ నాలుగు రోజులూ ఇల్లంతా సున్నపు దుమ్ము. బోఫా, ఆమె తమ్ముడు పొద్దున్నే వచ్చేవాళ్ళు. గోడలోంచి పాత వైరు లాగి చుట్టచుట్టి సంచుల్లో వేసేవాళ్ళు. మధ్యలో మొదటి తనిఖీ ఏ ఇబ్బందీ లేకుండా అయింది. మధ్యాహ్నాలు ఇద్దరూ వ్యానులోనే కూర్చుని అన్నం తినేవాళ్ళు. మూడోరోజు ఒడీలియా సూప్ గిన్నెలు పట్టుకెళ్ళి వ్యాను అద్దం తట్టింది. బోఫా తీసుకుంది, లోపలికి మాత్రం రాలేదు.

గురువారం సాయంత్రానికి సెల్లార్లో కొత్త బూడిదరంగు పెట్టె తయారైంది, ప్రతి బ్రేకరు పక్కనా చక్కటి అక్షరాల్లో పేర్లు. వెళ్తూ బోఫా, "దీని ముందు మూడడుగులు ఖాళీగా ఉండాలి మేడమ్. రేపు ఇన్‌స్పెక్టర్ కొలుస్తాడు," అంది. ఒడీలియా సరేనంది. ఆమె వెళ్ళిన గంటకి పైనుంచి కర్ర ఆగకుండా మోగడం మొదలైంది. సెల్లార్లో తన ఫ్రీజరు నడుస్తోందో లేదో చూడమని అత్తగారు కొడుకుతో అంది. పనికోసం ఆ పెద్ద ఫ్రీజర్ని మూలకి తోశారు, దాని తీగ ఇక ప్లగ్గుకి అందడం లేదు. నిండా చేపలు. ఒడీలియా, సెరఫీమ్ కిందికి దిగి, ఊపిరి బిగబట్టి తోసి, ప్లగ్గుకి అందేంత దగ్గరగా తెచ్చారు. దుమ్ము తుడవాల్సిన గదులు ఇంకా నాలుగున్నాయి. మూడడుగుల మాట ఆమెకి మళ్ళీ తట్టలేదు.

శుక్రవారం తనిఖీ అయ్యాకే పిల్లల్ని తీసుకురమ్మని ఒడీలియా తల్లులకి చెప్పి ఉంచింది. తొమ్మిదింటికి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. పొడుగాటి మనిషి, మంచు బూట్లు, తక్కువ మాటలు. గది గదికీ తిరిగి ప్లగ్గులు పరీక్షించాడు. పెట్టె మూత తీసి చాలాసేపు చూసి, "శుభ్రంగా ఉంది," అన్నాడు. తర్వాత వెనక్కి తిరిగి టేపు లాగాడు. పెట్టె నుంచి ఫ్రీజరు దాకా. ఇరవై రెండు అంగుళాలు.

బోఫా ఫ్రీజరు వైపు చూసింది, ఒడీలియా వైపు చూడలేదు.

"ఇప్పుడే జరిపేస్తామండి," అంది ఒడీలియా.

ఆయన ఒక చేత్తో ఫ్రీజర్ని తోసి చూశాడు. కదల్లేదు. "ఇంకా ఏడిళ్ళున్నాయమ్మా నాకు. సోమవారం పొద్దున వచ్చి చూస్తా, మీ ఇన్సూరెన్స్ గడువు బుధవారం అన్నారు కదా, ఇబ్బందేం లేదు." జేబులోంచి కలం తీశాడు.

"వైరింగ్‌లో తప్పు లేదన్నారుగా."

"లేదు. కానీ ఇవాళ్టికి ఫెయిలే."

"అయితే నా పేరు మీద రాయండి. ఫ్రీజరు పెట్టింది నేను. ఆవిడ వద్దని చెప్పింది కూడా."

"ఆ గడి లేదమ్మా ఇందులో," అన్నాడాయన, చేతిలోని అట్ట మీద రాసుకుంటూనే. "పర్మిట్ ఎవరిదైతే వాళ్ళ పేరే." గులాబీ రంగు కాగితం చింపి బోఫా చేతికిచ్చి మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఫ్రీజరు మోటారు గుర్రుమంటోంది. బోఫా కాగితం నాలుగు మడతలు పెట్టి పై జేబులో దోపుకుంది.

"పన్నెండు," అంది ఒడీలియా.

"మీ దగ్గరున్న కాగితాల్లో రెండో పేజీ, పైనుంచి మూడోది చూశారా? లోపలికి వెళ్ళే వీలు లేదని? అది కుక్క. ఇంటాయన దాన్ని కట్టెయ్యలేదు." బోఫా చేతి తొడుగులు వేసుకుంది. "పట్టండి, అటుపక్క పట్టండి."

ఇద్దరూ భుజాలు ఆనించి తోశారు. ఫ్రీజరు బెత్తెడు జరిగి ఆగిపోయింది. పైనుంచి కర్ర చప్పుడు వచ్చింది, ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. ఆ తర్వాత వారం రోజుల్లో మొదటిసారి మనిషి గొంతు.

"ఏమైందే? ఫెయిలన్నాడు కదూ? ఆ పిల్ల ఫెయిలయిందా?"

ఒడీలియా చెంప ఫ్రీజరు చల్లటి రేకుకి ఆనించే, ఆయాసపడుతూ జవాబిచ్చింది.

"ఆవిడ కాదత్తయ్యా. మనం. మీ చేపలూ, నేనూ. కాగితం మీద మాత్రం ఆవిడ పేరు రాశారు."

ఆ తర్వాత మెట్ల మీద ఒక్కో అడుగు, ఒక్కో కర్ర. ఆవిడ సెల్లార్లోకి దిగి నాలుగేళ్ళయింది. ఆఖరి మెట్టు మీద నిలబడి కొత్త పెట్టెని చూసింది, ఫ్రీజర్ని చూసింది, నుదుటికి దీపం కట్టుకున్న మనిషిని తల నుంచి బూట్ల దాకా చూసింది.

"నిండు ఫ్రీజరు తోస్తే కదులుతుందా ఎక్కడైనా? ఇద్దరికీ బుద్ధి లేదు," అంది. కర్ర గోడకి ఆనించి, ఏప్రన్ కొసలు రెండు చేతులతో పట్టుకుని ఒడి చేసింది. "ఊఁ, తియ్యండి. ఇందులో వెయ్యండి."

బోఫా మూత ఎత్తింది. గడ్డకట్టిన చేపల పొట్లాలు ఒక్కొక్కటే తీసి, పెద్దావిడ ఒళ్ళోకి మెల్లగా దించడం మొదలుపెట్టింది.